తెల్లబడిన ప్లగ్గు

ఫిబ్రవరి 11

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చింది. ఇరవై రెండేళ్లకు వచ్చింది. నేను రెండుసార్లు కూడబలుక్కుని చదివాను, మూడోసారి మీ వదిన చదివింది. నా చదువు మూడో తరగతితో ఆగిందని నీకు తెలుసు. నా అక్షరాలు చీమలు పాకినట్టు ఉంటాయి. ఓపిక ఉంటే చదువు, లేకపోతే మానెయ్యి.

ప్రెస్సులో కాగితాలు కోసే మిషను కింద ఎడమ చెయ్యి పడిందనీ, బొటనవేలు తప్ప నాలుగూ పోయాయనీ ఒక్క ముక్కలో రాశావు. గోళ్లు తీయించుకున్నట్టు రాశావు. అది జరిగి ఆరేళ్లట. ఆరేళ్లు చెప్పకుండా ఎలా ఉన్నావురా అని అడగబోయాను. మళ్లీ ఆలోచిస్తే, నువ్వు చెప్పినా నేను వచ్చేవాడినో కాదో నాకే తెలీదు. అందుకని అడగను.

ఇక బండి సంగతి. పంపకాల రోజున పెద్దమనుషులు ఎలా నవ్వారో గుర్తుందా? "మోటార్ సైకిల్‌ని కూడా నరికి పంచుకుంటారా నాయనా" అన్నారు. నాన్న నడిపిన బండిని వాడొక్కడే నడపడానికి వీల్లేదని నువ్వూ అన్నావు, నేనూ అన్నాను. ఇంజను నాకు, ఒళ్లు నీకు. ఆ నూరు సీసీ ఇంజను ఇప్పటికీ నా పెరట్లోనే ఉంది. బెల్టు తగిలించి దానితో సాన రాయి తిప్పుతున్నాను. ఈ వీధిలో కత్తులూ కత్తెరలూ అన్నీ దాని దగ్గరే పదునెక్కుతాయి.

దాన్ని మళ్లీ బండి చెయ్యమంటున్నావు. నీ చేతికి తగ్గట్టు మార్చమంటున్నావు. చేస్తాను. క్లచ్ పట్టడం నీ ఎడమ చేతితో కాదు కాబట్టి దాన్ని ఎడమ కాలికి ఇస్తాను, కారుకు ఉన్నట్టు. ఎడమ కాలి కింద ఉన్న వెనక బ్రేకును కుడి చేతికి తెస్తాను. గేరు, పాతకాలం బండి కదా, ముందునుంచీ కుడి కాలికే ఉంది. ఒళ్లు లారీకి వేసి పంపించు.

ఒక మాట. ఫోన్ చెయ్యకు. రెండుసార్లు చేశావని మీ వదిన చెప్పింది. ఆ డబ్బాలో మాట్లాడటం నాకు పడదు. చెప్పేదేదో కాగితం మీద పెట్టు.

మీ ఆవిడను అడిగానని చెప్పు.

అన్న


ఫిబ్రవరి 22

అన్నయ్యకు నమస్కారం.

నీ చేతిరాత చూడగానే నాన్న షెడ్డు గోడ గుర్తొచ్చింది. సుద్దముక్కతో "ఇక్కడ పొగ తాగరాదు" అని పెద్దగా రాసి, దాని కిందే నిలబడి నువ్వు కాల్చేవాడివి.

ఒళ్లు నిన్న లారీకి ఎక్కించాను. ట్యాంకు లోపల తుప్పు ఉంది, కడగాలి. సీటు ఎలుకలు కొట్టాయి. హెడ్‌లైటు గిన్నెలో పిచ్చుక గూడు ఒకటి ఉంది. తీసి పారేయడానికి చేతులు రాక అలాగే పంపాను. చేతులు అని అలవాటుగా రాశాను.

తొందర ఎందుకంటే, జూన్ ఒకటి నుంచి బైండింగ్ అయిన పుస్తకాలు షాపులకు వేసి రావడానికి ప్రెస్సులో మనిషి కావాలట. ఓనరు నన్ను పిలిచి, "బండి నడపగలిగితే రా, లేదంటే హాయిగా ఇంట్లో కూర్చో" అన్నాడు. ఆరేళ్లుగా ఆ హాయిలోనే ఉన్నాను అన్నయ్యా. చొక్కా గుండీలు మీ మరదలే పెడుతుంది. మొన్న ఎవరో చుట్టం వచ్చి, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, "ఆయన భోంచేశారా అమ్మా" అని ఆవిడని అడిగాడు. నేనేదో గోడకు ఆనించిన గొడుగునైనట్టు. ఒక్కసారి నా అంతట నేను బండి మీద ప్రెస్సు గేటు దాటి లోపలికి పోవాలి. అంతే నాకు కావలసింది.

ఇంటి నుంచి ప్రెస్సుకు ఎనిమిది కిలోమీటర్లు. చివరి మూడూ ఎత్తు. అంత ఎత్తు మీద ఇంజను బాగా వేడెక్కుతుంది. అందుకని కార్బొరేటర్ సెట్టింగ్ అయ్యాక ఒకసారి గట్టిగా తోలి, స్పార్కు ప్లగ్గు విప్పి దాని మొన రంగు చూడు. ఇటుక రంగు ఉంటే సరే. తెల్లబడితే పెట్రోలు చాలట్లేదని కదా. నీకు తెలియదని కాదు, గుర్తుచేస్తున్నానంతే.

ఫోన్ చెయ్యొద్దన్నావు. నా గొంతు వినడం నీకు ఇష్టం లేదని అర్థమైంది. చెయ్యను.

వదినకు నా నమస్కారాలు.

తమ్ముడు


మార్చి 17

తమ్ముడికి,

తాతకు దగ్గులు నేర్పుతావురా నువ్వు? ప్లగ్గు రంగు చూడమంటాడు! యాభై ఏళ్లలో నేను ప్లగ్గు రంగు చూసి ఏ బండీ సెట్ చెయ్యలేదు. రంగులు చూసుకోవడం చెవి లేనివాళ్ల పని. ఇంజను తన బాధ తనే చెబుతుంది, వినేవాడు ఉండాలి. ఈ వీధిలో నన్ను ఇప్పటికీ చెవి మేస్త్రి అనే పిలుస్తారు. పేరు పెట్టి పిలిస్తే నేనే పలకను. నీకు మాత్రం చెవి లేదు. షెడ్డులో ఆ రోజు అన్నాను, ఈ రోజూ అంటాను. ఉన్న మాట అంటే ఉలుకెక్కువని ఉలిక్కిపడకు.

ఒళ్లు చేరింది. తుప్పును చూస్తే ఏడుపొచ్చింది. చిన్న గులకరాళ్లు, సబ్బు నీళ్లు ట్యాంకులో పోసి ఒక పూటంతా ఊపాను. నా నడుము కూడా తుప్పు పట్టిందని అప్పుడు తెలిసింది. ఇంజనును సాన రాయి నుంచి విప్పాను. వీధిలో వాళ్లకు కోపం. "కత్తెర పట్టుకుని ఎక్కడికి పోవాలి మేస్త్రీ" అని దర్జీ ఆవిడ చేతులు తిప్పుతూ అడిగింది. నోటితో కొరుక్కోమన్నాను.

ఎడమ కాలి పెడల్ పట్టుకుని లేత్ పని చేసే ఆయన దగ్గరికి పోయాను. "ఈ వయసులో ఎందుకు పెద్దాయనా ఈ తంటాలు, కొత్త బండి కొనుక్కోమనండి" అన్నాడు. "కొత్త బండికి మా నాన్న కూర్చున్న గుంట ఎక్కడినుంచి తెస్తావ్" అన్నాను. నోరు మూసుకుని పెడల్ రెండంగుళాలు పొడిగించి ఇచ్చాడు. క్లచ్ తీగ ఇప్పుడు దానికి కట్టాను. కుడి చేతి బ్రేకు పిడికి రెండు తీగలు తగిలించాను, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. వెనక చక్రం ముందు పట్టాలి, ముందు చక్రం ఆ తర్వాత. లేకపోతే నిన్ను ఎత్తి కుదేస్తుంది. ఆ తేడా కుదరడానికి ఏడుసార్లు విప్పి బిగించాను.

ఎడమ హ్యాండిల్‌కు తోలుతో గిన్నెలాంటిది కుట్టించాలి, నీ చెయ్యి అందులో ఆనేలా. చెప్పులు కుట్టే ఆయన కొలత తెమ్మన్నాడు. మీ వదినను కూర్చోబెట్టి నాలుగు వేళ్లు మడిచి బొటనవేలు చాపమన్నాను. ఆవిడ చాపింది. నేను దారంతో కొలుస్తూ ఆ చేతికేసి చూడలేకపోయాను. రెండుసార్లు కొలత తప్పింది.

నీ పిచ్చుక గూడు తీసి మా చూరులో పెట్టాను. ఏం లాభం, ఈ మధ్య పిచ్చుకలే రావడం మానేశాయి. ఒక్కటి కూయదు. "ఎందుకు రావండీ, పొద్దున్నుంచి గోల పెడుతుంటే" అంటుంది మీ వదిన. ఆవిడవన్నీ ఇలాగే ఉంటాయి. కుక్కర్ మూడు కూతలకు దించమని చెప్పి బయటికి పోతుంది. అది ఒక్క కూత కుయ్యదు. మాడితే తప్పు నాది.

పని ఉంది. ఉంటాను.

అన్న


ఏప్రిల్ 3

అన్నయ్యకు నమస్కారం.

నాకు చెవి లేదని మళ్లీ రాశావు. ఉలిక్కిపడలేదు, అలవాటైపోయింది.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. పాల వ్యాపారి బండి. పొద్దున్నంతా కూర్చుని నేను సెట్ చేశాను. నువ్వు వచ్చి ఒక నిమిషం విని, షెడ్డులో ఆరుగురు గిరాకీలు చూస్తుండగా స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి లాక్కుని, నా సెట్టింగ్ మొత్తం తిప్పేశావు. "నీకు చెవి లేదురా. ఇది నీ వల్ల కాదు. పో, కాగితాలు కోసుకో" అన్నావు. అప్పుడే ప్రెస్సులో పనుందని ఎవరో అనుకుంటుంటే నువ్వు విని ఉంటావు. నేను నిజంగానే పోయాను. నిజంగానే కోసుకున్నాను. నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆ మిషను పెడల్ నొక్కింది నా కాలే.

"మీ అన్నయ్యకు నోరు పెద్దది, మనసు ఎంతదో నేనెప్పుడూ చూడలేదు" అంటుంది మీ మరదలు. తోలు గిన్నె సంగతి చదివి వినిపించాను. తర్వాత ఆ మాట అనలేదు.

చెయ్యనన్నాను గాని మొన్న ఆదివారం ఉండబట్టలేక ఫోన్ చేశాను. వదిన ఎత్తింది. అన్నయ్య బాగున్నాడా అని అడిగితే ఏడ్చింది. ఎందుకో చెప్పలేదు. "ఆయన చెప్పొద్దన్నారు చిన్నబ్బాయ్" అని పెట్టేసింది. నాతో మాట్లాడినందుకు నువ్వు ఆవిడని ఏమైనా అన్నావా? అంటే నన్ను అను. ఆవిడ జోలికి పోకు.

తమ్ముడు


ఏప్రిల్ 26

తమ్ముడికి,

మీ వదినను నేనేమీ అనలేదు. ఆడవాళ్లు ఏడవడానికి మొగుడు అరవాలనేం లేదు. నాకు సంజాయిషీలు రాయడం రాదు. ఇక ఆ మాట ఎత్తకు.

బండి అయిపోయింది. నిన్న లారీకి ఎక్కించాను. పాత గోనెలు చుట్టాను, గీతలు పడకుండా. ఎవరూ విప్పకుండా నువ్వే విప్పు.

ఇంజను మొత్తం విప్పి తుడిచాను. పిస్టన్ రింగులు కొత్తవి. కార్బొరేటర్ కడిగి ఎలా ఉన్నదాన్ని అలాగే బిగించాను. అన్నేళ్లు సాన రాయిని తిప్పినది నిన్ను మొయ్యలేకపోతుందా? నాలుగో కిక్కుకు అందుకుంది. స్క్రూడ్రైవర్ కర్రపిడి పళ్ల మధ్య పెట్టి, మొన సిలిండర్‌కు ఆనించి సెట్ చేశాను. అలా చేస్తే చెవికంటే బాగా తెలుస్తుంది. ఇంజను గుండె పళ్లలోకి వచ్చి కొట్టుకుంటుంది. ఈ మధ్య అలాగే చేస్తున్నాను. వీధి చివరిదాకా రెండో గేరులో తోలాను. డెబ్బై నాలుగేళ్లవాణ్ని, ఇంకా దూరం మీ వదిన పోనివ్వలేదు. దర్జీ ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. నాన్న సీటు మీద కూర్చుంటే నాన్న అంత పొడుగు అయినట్టు ఉంటుంది, నువ్వు కూర్చుంటే తెలుస్తుంది.

ఎడమ కాలు అంటే ఇప్పుడు బ్రేకు కాదు, క్లచ్. ఇది బుర్రలో పెట్టుకో. వారం రోజులు ఖాళీ మైదానంలో తిప్పు. కంగారు పడకు. చిన్నప్పటినుంచీ నీకు కంగారు.

నెమ్మదిగా నడుపురా చిన్నోడా.

అన్న


మే 9

అన్నయ్యా,

బండి వచ్చింది. గోనెలు నేనే విప్పాను. ఒక చేత్తో, పళ్లతో ముడులు లాగి విప్పాను. మీ మరదలు సాయానికి వస్తే రానివ్వలేదు.

వారం మైదానంలో తిప్పాను. తోలు గిన్నెలో నా చెయ్యి వెళ్లి కూర్చుంటే, అన్నయ్యా, ఆ వేళ్లు మళ్లీ వచ్చినట్టే ఉంది. నాన్న సీటు గురించి రాసింది నిజం. నిన్న మీ మరదలిని వెనక కూర్చోబెట్టుకుని మా వీధి చుట్టూ రెండుసార్లు తిరిగాను. అందరూ బయటికి వచ్చి చూశారు. నన్ను గొడుగులా చూసిన ఆ చుట్టం కూడా చూశాడు. ఎవరూ నా గురించి ఆవిడని అడగలేదు. "ఎక్కడికండీ" అని నన్నే అడిగారు.

కాస్త గట్టిగా తోలితే ఇంజను ఏదో కొత్త పాట పాడుతోంది. బాగానే పాడుతోందనుకుంటా, నాకు చెవి లేదు కదా.

రేపు ప్రెస్సుకు పోయి ఓనరుకు చూపిస్తాను.

తమ్ముడు


మే 21

తమ్ముడికి,

నాకు చెవి లేదు కదా అని ఎత్తిపొడిచావు. ఎత్తిపొడుపులు మీ ప్రెస్సులో అచ్చేయించుకో, నాకు పంపకు. రెండు నెలలు నడుము విరగ్గొట్టుకుంటే నువ్విచ్చే మర్యాద ఇదా?

పని దొరికిందో లేదో రాయలేదు. పది రోజులు దాటింది. పని దొరకగానే అన్న అక్కర తీరిందా?

అన్న


మే 29

అన్నయ్యకు,

పడుకుని రాస్తున్నాను. వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

పదో తారీకున ప్రెస్సుకు పోతూ ఎత్తు మీద పడ్డాను. తుంటి ఎముక విరిగింది. పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చాను. నా ఎడమ చెయ్యి జారింది. బండి తప్పేం లేదు. సగం చేత్తో బండి నడపాలనుకోవడమే తప్పు. అందరూ అదే అంటున్నారు, ఓనరూ అదే అన్నాడు. పనిలోకి వేరే ఆయన్ని తీసుకున్నారు.

నాది అయిపోయింది అన్నయ్యా. పాత ఇనుం కొనే ఆయనకు బండి తీసుకుపొమ్మని చెప్పాను. వచ్చే నెల వస్తానన్నాడు. నువ్వు పడ్డ కష్టానికి క్షమించు. చూడటానికి రావద్దు. నన్నిలా నువ్వు చూడటం నాకు ఇష్టం లేదు.

తమ్ముడు


జూన్ 4

తమ్ముడికి,

ఇనుం ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వకు.

మూడు సంగతులు రాయి. పడేముందు ఇంజను ఆగిందా, ఆగకుండా పడ్డావా? వెనక చక్రం రోడ్డు మీద గీత గీసిందా? ఇప్పుడు కిక్కు కొడితే కిందికి దిగుతుందా?

ప్లగ్గు విప్పించి పోస్టులో పంపు. తుడవొద్దు. ఎలా ఉన్నది అలాగే కాగితంలో చుట్టి పంపు.

అన్న


జూన్ 13

అన్నయ్యకు,

ప్లగ్గు మీ మరదలు విప్పింది. పంపుతున్నాను. కిక్కు దిగడం లేదు, రాయిలా ఉంది. మిగతావి నాకు గుర్తులేవు, గుర్తు తెచ్చుకోవడం ఇష్టం లేదు. నాకు చేతకాలేదని ప్లగ్గు మీద కూడా రాసి ఉందేమో చదువుకో.

తమ్ముడు


జూన్ 20

చిన్నోడా,

ప్లగ్గు నా ఎదురుగా బల్ల మీద ఉంది. సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. మొన దగ్గర రెండు వెండి చుక్కలున్నాయి, ఆవగింజలో సగం ఉండవు. అవి పిస్టన్ కరిగి అతుక్కున్నవి. చూడగానే లేచి పెరట్లోకి పోయి నాన్న పొడుం డబ్బా తెరిచాను. అందులో కాగితంలో చుట్టి పెసరగింజంత ఇత్తడి ముక్క ఉంది. ఇంజనుకు పెట్రోలు వదిలే కార్బొరేటర్ జెట్టు. బండిది. పెద్ద బెజ్జం ఉన్నది.

ఇంజనును సాన రాయికి తగిలించిన రోజు, పెట్రోలు తక్కువ తాగుతుందని బండి జెట్టు తీసి సన్న బెజ్జం ఉన్నది పెట్టాను. తిరిగి బండి చేసేటప్పుడు మార్చాలి. మార్చలేదు. మరిచిపోయాను. మరిచిపోవడం పెద్ద తప్పు కాదు, ఎవడైనా మరుస్తాడు. కానీ చెవి ఉన్నవాడు కాస్త గట్టిగా తోలగానే పట్టేస్తాడు. పెట్రోలు చాలని ఇంజను గొంతు ఎండినట్టు అరుస్తుంది. లోపల గాజుముక్కలు రాలినట్టు సన్నగా గలగలమంటుంది.

నాకది వినపడదు.

నాలుగేళ్లయింది. ముందు సన్న చప్పుళ్లు పోయాయి. పిచ్చుకలు, కుక్కర్. పిచ్చుకలు రావడం మానెయ్యలేదురా, అవి వస్తూనే ఉన్నాయి. తర్వాత మనుషుల మాటలు పోయాయి. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. ఫోన్‌కు పెదాలు ఉండవు. అందుకని ఫోన్ వద్దన్నాను. నీ గొంతు వినడం ఇష్టం లేక కాదు. చెవి మేస్త్రికి చెముడు వచ్చిందని ఎవరికైనా చెబితే చంపుతానని బెదిరించి మీ వదిన చేత ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ ఏడ్చింది అందుకే. నేను స్క్రూడ్రైవర్ పళ్లతో పట్టుకున్నది అందుకే. అలా పట్టుకుంటే లావు చప్పుడు ఒళ్లంతా తెలుస్తుంది. సన్నది తెలియదు.

నువ్వు రంగు చూడమని రాశావు. అదైనా చూసి ఉంటే తెలిసేది. నాకు పొగరు అడ్డం వచ్చింది.

నీ చెయ్యి జారలేదు. ఎత్తు మీద పెట్రోలు చాలక పిస్టన్ కాలి పట్టేసింది, వెనక చక్రం బిగిసింది. చక్రం బిగిశాక పది వేళ్లు ఉన్నవాడైనా పడతాడు. ఈ ఉత్తరం మీ ఓనరుకు చూపించు. మీ వీధిలో వాళ్లందరికీ చూపించు. తమ్ముడి తుంటి విరగ్గొట్టింది నేను. కాగితాలు కోసుకోమని వేళ్లు తీసిందీ నేనే.

ఇంతకంటే రాయడం నాకు రాదు.

అన్న


జూన్ 30

అన్నయ్యా,

నీ ఉత్తరం మీ మరదలు పెద్దగా చదివింది.

ఒక సంగతి చెప్పకుండా ఉందామనుకున్నాను. నువ్వు అన్నీ చెప్పేశావు కాబట్టి నేనూ చెబుతాను.

నేను విన్నాను అన్నయ్యా. మైదానంలో మూడో రోజే విన్నాను. గాజుముక్కలని రాశావు చూడు, సరిగ్గా అదే. వీధిలో తిప్పేటప్పుడు మీ మరదలు కూడా వెనకనుంచి, "ఏమిటండీ, నా గాజులేనా అలా గలగలమంటున్నాయి" అంది. "అన్నయ్య సెట్ చేసిన బండికి వంకలు పెట్టకు" అని కసిరాను. పదో తారీకున ఎత్తు మొదట్లో ఆ చప్పుడు మరీ ఎక్కువైంది. ఆపుదామనుకున్నాను. ప్లగ్గు స్పానర్ జేబులోనే ఉంది. ఆపి, విప్పి, రంగు చూస్తే రెండు నిమిషాల పని.

ఆపలేదు. నాకు చెవి లేదన్నావు కదా. ఊహ తెలిసినప్పటినుంచీ అన్నావు కదా. నేను విన్నది తప్పు, నువ్వు విన్నది రైటు అనుకున్నాను. మా అన్నయ్యకు వినపడని చప్పుడు నాకెలా వినపడుతుంది అనుకున్నాను. ఇంకా గట్టిగా తోలాను.

నీకు వినపడదని ఒక్క ముక్క రాసి ఉంటే చాలు, ఆపేవాణ్ని.

తుంటి సరిగా అతకలేదని డాక్టరు అన్నాడు. నడవడానికి రెండు కర్రలు ఇచ్చారు. రెండో కర్ర పట్టుకోవడానికి నాకు చెయ్యి లేదని ఎవరికీ తోచలేదు. అది మూలన ఉంది.

నీ మీద కోపం లేదు. ఉండాలని చూశాను, రాలేదు.

తమ్ముడు


జూలై 7

చిన్నోడా,

నీకు చెవి ఉంది.

ముందునుంచీ ఉంది. పాల వ్యాపారి బండి గురించి రాశావు. తర్వాత ఏం జరిగిందో నీకు తెలియదు. నువ్వు చొక్కా భుజాన వేసుకుని షెడ్డు దిగిపోయాక ఆ బండి దగ్గర కూర్చుని సాయంత్రం దాకా తిప్పాను. ఎటు తిప్పినా కుదరలేదు. చివరికి నువ్వు పెట్టిన చోటికే తెచ్చి ఆపాను. ఆ మనిషి తీసుకుపోయింది నీ సెట్టింగే. "బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీ" అన్నాడు, నేను తలూపాను. ఆ సాయంత్రమే వచ్చి నిన్ను పిలిస్తే సరిపోయేది. అప్పటికి నువ్వింకా ప్రెస్సులో చేరి కూడా ఉండవు. ఇరవై రెండేళ్లు ఈ మాట నా నోట్లోనే ఉంది. మీ వదినకు కూడా తెలియదు. ఇప్పుడు ఉత్తరం చదివి తెలుసుకుంటుంది.

అందులో పద్దెనిమిదేళ్లు నాకు చెవులు బాగానే పనిచేశాయి. అప్పుడు నువ్వు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

నిన్న సాన రాయి దగ్గర కూర్చుని నీ గొంతు గుర్తు తెచ్చుకుందామని చూశాను. నాన్న దగ్గు గుర్తొచ్చింది. షెడ్డు తలుపు కీచుమనడం గుర్తొచ్చింది. ఆ ఇంజను చప్పుడు ఒక్కో గేరులో ఎలా ఉండేదో గుర్తొచ్చింది. నీ గొంతు రాలేదు. నువ్వు ఎదురుగా కూర్చుని అరిచినా ఇక రాదు.

బుధవారం బయలుదేరుతున్నాను. రావద్దని రాశావు, చదివాను. వస్తున్నాను. కొత్త పిస్టన్ దొరికింది, పెద్ద జెట్టు చొక్కా జేబులో ఉంది. నీ మంచం కిటికీ దగ్గరికి జరపమని మీ ఆవిడతో చెప్పు. బండి కిటికీ బయట పెట్టుకుని పనిచేస్తాను. స్క్రూ నేను తిప్పుతాను, నువ్వు విను. చెయ్యి ఎత్తితే ఆపుతాను, దించితే తిప్పుతాను. కుదిరాక ఎవరు నడుపుతారని అడగకు. నాకూ తెలియదు.

ఆ రెండో కర్ర పారేయకు. నా మోకాళ్లకు పనికొస్తుంది.

స్టేషన్‌కు మీ ఆవిడ వస్తానంటే రానివ్వు. కానీ వెనకనుంచి "బావగారూ" అని పిలవొద్దని చెప్పు. దగ్గరికి వచ్చి భుజం మీద తట్టాలి.

నీ అన్న